పేరు మార్చుకుంటే అబద్ధమవుతుందా?

ఈ నెల ఉత్తరాల్లో చాలావరకు సొంత జీవితం రాయడం గురించినవే. కిందటి సంచికలో హ్యారియట్ జేకబ్స్ అనే అమెరికన్ నల్లజాతి రచయిత్రి పేరు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయానని కొందరు నిలదీశారు. వారికీ వీరికీ కలిపి ఆమె మీదుగానే జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను ప్రాథమిక పాఠశాలలో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నా జీవితం రాసుకుంటున్నాను. పెళ్లికి ముందు జరిగిన ఒక సంగతి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోతోంది. అందులో నా తప్పు కూడా ఉంది. అది వదిలేసి మిగతాది రాస్తే మోసమవుతుందా? పేర్లు మార్చి రాస్తే నిజాయితీ అనిపించుకుంటుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ ఉత్తరంలో నాకు నచ్చింది ‘అందులో నా తప్పు కూడా ఉంది’ అన్న ముక్క. అది రాయగలిగినవారికి నేను కొత్తగా చెప్పేది తక్కువే. అయినా అడిగారు కనుక, ఇదే ఇరకాటంలో ఏళ్ల తరబడి నలిగిన హ్యారియట్ జేకబ్స్ సంగతి వినండి.

ఆమె 1813లో నార్త్ కరోలినా రాష్ట్రంలోని ఈడెంటన్ అనే రేవు పట్టణంలో బానిసగా పుట్టింది. ఆరేళ్లప్పుడు తల్లి పోయింది. అప్పటి యజమానురాలు ఆమెకు కుట్టుపనితో పాటు చదవడం కూడా నేర్పింది. 1825లో ఆ యజమానురాలు చనిపోయాక వీలునామా తెరిస్తే, హ్యారియట్ ఆవిడ సోదరి కూతురైన మూడేళ్ల పాపకు దక్కింది. అదే పాపకు ఒక బీరువా, కుట్టుపని బల్ల కూడా దక్కాయి. ఒకే కాగితం, ఒకే పద్దు.

మూడేళ్ల పాపకు పెత్తనం ఏం తెలుస్తుంది? అదంతా తండ్రి డాక్టర్ జేమ్స్ నార్కమ్‌ది. హ్యారియట్‌కు పదిహేనో ఏడు వచ్చేసరికి అతను ఆమె చెవిలో అసహ్యమైన మాటలు గొణగడం మొదలుపెట్టాడు. ఆమె మనసిచ్చిన నల్లజాతి వడ్రంగి ఒకడు పెళ్లికి సిద్ధపడితే ఒప్పుకోలేదు. ఆ వడ్రంగి బానిస కాదు, ఆమెను డబ్బిచ్చి విడిపించుకుంటానన్నా కాదన్నాడు. ఊరికి దూరంగా ఆమె కోసం ఇల్లు కట్టిస్తున్నానని చెప్పాడు. అప్పుడు ఆమె చేసిన పని తర్వాత జీవితమంతా ఆమెకు మింగుడుపడలేదు. శామ్యూల్ సాయర్ అనే పెళ్లికాని తెల్ల న్యాయవాదికి తనంతట తాను దగ్గరైంది. ఇద్దరు పిల్లలు పుట్టారు.

ఆమె కలం ఆగింది ఇక్కడే. నార్కమ్ దుర్మార్గం రాయడానికి ఆమెకు జంకు లేదు, ఆ పాపం అతనిది. సాయర్ విషయంలో మాత్రం ఎవరూ చెయ్యి పట్టి లాగలేదని, తెలిసే చేశానని ఒప్పుకోవాలి. ఎవరి ముందు? బానిసత్వం లేని ఉత్తరాది రాష్ట్రాల్లో ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే తెల్ల గృహిణుల ముందు. బానిసత్వానికి వ్యతిరేకంగా కదిలించవలసింది వారినే. పెళ్లి కాకుండా బిడ్డలను కన్నదని తెలిస్తే వారిలో చాలామంది అక్కడితో పుస్తకం మూసేస్తారు. కనుక ఆ ముక్క వదిలేయడానికి ఆమెకు మీకంటే పెద్ద సాకే ఉంది. ఉద్యమం మంచి కోసమే దాచానని చెప్పుకోవచ్చు.

ఆమె వదలలేదు. 1861లో అచ్చయిన ‘ఇన్సిడెంట్స్ ఇన్ ది లైఫ్ ఆఫ్ ఎ స్లేవ్ గర్ల్’లో దానికి ఒక ప్రకరణమే కేటాయించింది. కళ్లు తెరుచుకునే చేశానంది. బలవంతం చేసేవాడికి లొంగడం కంటే, తన మీద అధికారం లేనివాడికి తనను తాను ఇచ్చుకోవడం కాస్త నయమనిపించిందని రాసింది. ఈ కబురు తెలిస్తే నార్కమ్ ఒళ్లు మండిపోతుందన్న సంతోషాన్ని కూడా దాచలేదు. పుట్టబోయే పిల్లలను సాయర్ కొని విడిపిస్తాడేమోనన్న లెక్కనూ దాచలేదు. సిగ్గుపడుతున్నాను, క్షమించండి అంటూనే, బానిస స్త్రీని మిగతా ఆడవాళ్లను తూచే రాళ్లతో తూచకూడదని వాదించింది. క్షమాపణ, వాదన రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఏది నమ్మాలో చదివేవారికే వదిలింది. నేను కాలేజీలో ఆ పేజీలు చెప్పే రోజుల్లో ఆడపిల్లలు తలెత్తేవారు కారు. మగపిల్లలు శ్రద్ధగా నోట్సు రాసుకునేవారు. ఎవరికి ఎక్కువ అర్థమైందో నాకు సందేహం లేదు.

ఇక పేర్లు. పుస్తకంలో ఆమె పేరు లిండా బ్రెంట్. నార్కమ్ డాక్టర్ ఫ్లింట్, సాయర్ మిస్టర్ శాండ్స్, అమ్మమ్మ మాలీ ఆంట్ మార్తా. ఊరి పేరు ఎక్కడా లేదు. అయితే పేర్లు మార్చానని, ఊర్లు దాచానని ముందుమాటలోనే చెప్పేసింది. తన కోసమైతే దాచవలసిన పని లేదని, ఇతరుల మీద దయతో దాచానని కూడా చెప్పింది. మీరూ చెప్పి మార్చండి, ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. మార్చకూడనివి వేరే ఉన్నాయి. ఆ రోజు మీరు నిజంగా అన్న మాట తీసేసి, అని ఉంటే బాగుండేదని ఇప్పుడు తోచిన మాట పెట్టకండి. ముందు మీరు చేసిందీ తర్వాత వారు చేసిందీ తారుమారు చేయకండి. నేను చదివిన ఆత్మకథల్లో మోసం ఎక్కువగా ఈ రెండు దారుల్లోనే దూరింది.

వెంటనే రాయలేకపోతే కంగారు పడకండి. 1857లో ఆమె ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో, ఆడది తనకు జరిగిన ఘోరాన్ని ఆత్మీయురాలి చెవిలో చెప్పుకోవడం తేలికే గాని లోకం చదివేలా రాయడం చాలా కష్టమని వాపోయింది. ఆ స్నేహితురాలి పేరు ఎయిమీ పోస్ట్, రాచెస్టర్ నగరంలో ఉండే క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన మనిషి. 1849లో వాళ్లింట్లో తొమ్మిది నెలలు ఉన్నప్పుడు హ్యారియట్ తన కథ ఆమెకు చెప్పుకుంది. రాయమని పట్టుబట్టింది కూడా ఆమే. మీకూ అలాంటి ఒక మనిషి ఉంటే ముందు నోటితో చెప్పి చూడండి. ఎక్కడ గొంతు తడబడిందో అక్కడే కలం పెట్టాలి.

ప్రశ్న: అమ్మా, నేను తపాలా శాఖలో ముప్ఫై ఏళ్లు చేసినవాణ్ని. ఈ జేకబ్స్ గారు మొదట రాసినవే దొంగ చిరునామా ఉత్తరాలని ఎక్కడో చదివాను. అలాంటావిడను నిజాయితీ గల రచయిత్రి అని ఎలా పొగుడుతారు?
– రిటైర్డ్ పోస్టుమాస్టరు, తాడేపల్లిగూడెం

జవాబు: మీరు చదివింది నిజమే. నేను దాన్ని ఇంకా బాగా చెబుతాను, తర్వాత మీరే తీర్పివ్వండి.

1835లో ఆమె నార్కమ్ కుటుంబం చేతుల్లోంచి పారిపోయింది. అతను పత్రికలో ప్రకటన వేయించాడు. పట్టిస్తే 100 డాలర్ల బహుమానం, ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు, గలగలా మాట్లాడుతుంది అని ఆనవాళ్లు ఇచ్చి, తెలిసిన కారణమేదీ లేకుండానే పారిపోయిందని రాయించాడు. కారణమేదీ లేదట! అచ్చులో వచ్చిన ఆ మాటను ఎవరూ ప్రశ్నించలేదు.

ఆమె నిజానికి దూరం వెళ్లలేదు. అదే ఊళ్లో అమ్మమ్మ ఇంటి సామాన్ల కొట్టు మీద చిన్న అటక ఉంది. తొమ్మిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, అన్నిటికంటే ఎత్తైన చోట మూడడుగులు. అందులో నిలబడడానికి లేదు, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దొర్లితే కప్పు తగిలేది. ఎలుకలు, ఎండాకాలం ఉడుకు, చలికాలం మంచుకు బిగుసుకుపోయే కాళ్లు. అలా ఏడేళ్లకు కొంచెం తక్కువ. చేతికి దొరికిన చిన్న బరమాతో గోడకు కన్నాలు పెట్టి, కింద వీధిలో ఆడుకునే తన పిల్లలను చూసేది. తల్లి పైన ఉందని పిల్లలకు మొదట్లో తెలియదు.

నార్కమ్ వెతుకులాట ఆ ఊరి మీద నుంచి మళ్లాలంటే ఆమె ఉత్తరాదిలో ఉన్నట్టు అతను నమ్మాలి. న్యూయార్క్ వీధుల పేర్లు ఆమెకు తెలియవు. అందుకని ఎవరి చేతో న్యూయార్క్ పత్రిక కాగితం ముక్క తెప్పించుకుని, అందులో కనిపించిన వీధుల పేర్లు పట్టుకుని, అక్కడి నుంచే రాస్తున్నట్టు నార్కమ్‌కు ఒకటి, అమ్మమ్మకు ఒకటి రాసింది. నమ్మకస్థుడొకరు వాటిని న్యూయార్క్‌లో పోస్టు చేయించారు. ముద్ర అసలైనదే, మీ శాఖ దాన్ని కచ్చితంగా బట్వాడా చేసేది.

ఇక్కడ అసలు రుచి ఉంది. ఉత్తరం అందగానే నార్కమ్ అమ్మమ్మ ఇంటికి వచ్చి, మీ మనవరాలు రాసిందంటూ చదివి వినిపించాడు. కానీ అతను చదివింది ఆమె రాసింది కాదు. తప్పు చేశాను, తిరిగి రావాలని ఉంది అన్నట్టుగా తనే కల్పించి రాసుకొచ్చిన ఉత్తరం! పక్క సామాన్ల కొట్లో దాక్కుని ఆమె ఆ మాటలన్నీ చెవులారా విన్నది. తన పేరుతో ఇంకొకరు రాసి చదివితే ఎలా ఉంటుందో ప్రపంచంలో చాలా కొద్దిమంది రచయితలకే అంత దగ్గరగా తెలిసి ఉంటుంది.

ఆ ఉత్తరాల వల్ల ఒక మేలు జరిగింది. వెతుకులాట మందగించడంతో, తెల్లవారుజామున అటక దిగి కొట్లో కాళ్లు చాపుకునే వీలు చిక్కింది. పడవెక్కి ఉత్తరాదిలోని ఫిలడెల్ఫియా చేరింది 1842లో.

అబద్ధమాడింది, కాదనను. అయితే ఆ మోసాన్ని తర్వాత తన పుస్తకంలో ఒక ప్రకరణంగా తానే బయటపెట్టింది. మీరు చదివిన వ్యాసానికి ఆధారం కూడా ఆ ప్రకరణమే. నార్కమ్ మాత్రం తన ప్రకటన అబద్ధమని ఎక్కడా రాయలేదు. తీర్పు మీది.

ప్రశ్న: మా నాన్నమ్మ జీవితం సినిమాలా ఉంటుంది. ఒక పేరున్న రచయిత్రి తన నవలలో వాడుకుంటానని అడుగుతున్నారు. నాకు రాయడం సరిగా రాదు, తప్పులు వస్తాయి. ఇచ్చేయవచ్చా?
– విజయనగరం నుంచి ఒకరు

జవాబు: ఇవ్వకముందు 1853లో జరిగిన ఈ సంగతి చూడండి. బానిసత్వాన్ని ఎండగట్టిన ‘అంకుల్ టామ్స్ కేబిన్’ నవల అంతకు ముందు ఏడాదే అచ్చయింది, దాని రచయిత్రి హ్యారియట్ బీచర్ స్టో పేరు దేశమంతా మారుమోగుతోంది. రాయడం తనకు చేతకాదనుకున్న జేకబ్స్ సహాయం కోసం ఆమెను ఆశ్రయించాలనుకుంది. జేకబ్స్ వివరాలతో స్నేహితురాలు ఎయిమీ పోస్ట్ స్టోకు ఉత్తరం రాసింది. స్టో ఏం చేశారు? ఆ ఉత్తరాన్ని జేకబ్స్ పనిచేస్తున్న ఇంటి యజమానురాలు కార్నీలియా విల్లిస్‌కు పంపి, ఇదంతా నిజమేనా అని ఆరా తీశారు. తాను కూరుస్తున్న ఇంకో పుస్తకంలో ఈ కథనూ వాడుకుంటానన్నారు. పిల్లల తండ్రి ఎవరన్న సంగతి జేకబ్స్ అప్పటిదాకా ఆ ఇంట్లో చెప్పుకోలేదు. అలా తెలిసిపోయింది.

స్టో గొప్ప పని చేసిన రచయిత్రే. కానీ ఇంకొకరి సిగ్గును సరుకుగా చూశారనే నా అభిప్రాయం. జేకబ్స్ మాత్రం నా కథ వేరేవారి పుస్తకంలో కలవడానికి వీల్లేదు, దానంతట అదే నిలబడాలి అని తేల్చేసింది.

ఆ తర్వాత ఏమైందంటే, అదే ఏడాది మాజీ అధ్యక్షుడు జాన్ టైలర్ భార్య దక్షిణాది ఇళ్లలో బానిసలకు ఏ లోటూ లేదన్నట్టు రాసిన లేఖ పత్రికలో పడింది. జేకబ్స్ దానికి జవాబు రాసి ‘న్యూయార్క్ ట్రిబ్యూన్’కు పంపింది. పారిపోయిన బానిస అన్న సంతకంతో జూన్‌లో అచ్చయింది. అచ్చులో ఆమె మొదటి రాత అదే. అక్షరదోషాల గురించి ఆమె మీకంటే ఎక్కువ కుంగిపోయేది. ఎయిమీ పోస్ట్‌కు రాసిన ఉత్తరాల్లో విరామచిహ్నాలు కనిపించవు. పుస్తకానికి శుద్ధప్రతి రాసిపెట్టింది కూతురు లూయీసా. మీ ఇంట్లో చదువుకున్న పిల్లలు ఉన్నారుగా, వారితో రాయించండి. ఆ రచయిత్రి గారు ఆగుతారు.

ప్రశ్న: ఇద్దరు చిన్నపిల్లలు, అత్తమామలు, ఉద్యోగం. రాయడానికి వేళ ఎప్పుడు?
– హైదరాబాద్

జవాబు: జేకబ్స్‌కూ దొరకలేదు. హడ్సన్ నది ఒడ్డున ఆ విల్లిస్ గారింట్లోనే ఆయాగా పిల్లలను చూసుకుంటూ, వారు నిద్రపోయాక రాత్రుళ్లు రాసింది. ఇంటి యజమాని నథానియల్ విల్లిస్ పేరున్న రచయిత, సంపాదకుడు. అతనికి మాత్రం చెప్పలేదు, బానిసత్వం విషయంలో అతని మీద ఆమెకు నమ్మకం లేదు. పని 1858 దాకా సాగింది. కాబట్టి మీకు ఈ ఏడాదే పూర్తి కాకపోతే ఏమీ కాదు. మీ రాత మీ ఇంట్లో ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో మాత్రం ముందే తేల్చుకోండి.

ప్రశ్న: ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్నారు పెద్దలు. ఆడవాళ్లు ఇలా అన్నీ రాసుకుంటూ పోతే కుటుంబాల పరువేం కావాలి?
– పేరు వద్దన్నారు, నెల్లూరు

జవాబు: ఆ సామెతలో లంక ఎవరిదో, అక్కడ చెరలో ఉన్నది ఎవరో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. గుట్టు బయటపడబట్టే సీత ఇల్లు చేరింది.

ప్రశ్న: ఎం.ఏ. ఇంగ్లిష్ చదువుతున్నాను. ఆ పుస్తకం అసలు జేకబ్స్ రాసింది కాదని, ఒక తెల్ల రచయిత్రి నవల అని మా పాత నోట్సులో ఉంది. ఏది నిజం?
– తిరుపతి

జవాబు: ఆ నోట్సు ఎవరిదో గాని మహా పాతది. దాన్ని గౌరవంగా అటక ఎక్కించండి.

అలా అనుకోవడానికి కొంత కారణం ఉంది. జేకబ్స్ 1858లో ఇంగ్లండ్ దాకా వెళ్లినా ప్రచురణకర్త దొరకలేదు. బోస్టన్‌లో ఒక సంస్థ, విల్లిస్ గాని స్టో గాని ముందుమాట రాస్తే వేస్తామంది. విల్లిస్‌ను ఆమె అడగదలచుకోలేదు, స్టో కాదన్నారు, ఇంతలో ఆ సంస్థే మూతపడింది. ఇంకో సంస్థ, లిడియా మరియా చైల్డ్ ముందుమాట కావాలంది. చైల్డ్ బానిసత్వ వ్యతిరేక ఉద్యమంలో పేరున్న తెల్ల రచయిత్రి, ఆమె ఒప్పుకున్నారు. అచ్చు పలకలు పోత పోశాక ఆ సంస్థా దివాలా తీసింది. జేకబ్స్ ఆ పలకలు కొనుక్కుని సొంతంగా అచ్చు వేయించుకుంది. చివరికి పుస్తకం మీద రచయిత్రి పేరు లేదు, సంపాదకురాలిగా చైల్డ్ పేరు ఉంది. వందేళ్లు గడిచేసరికి చదువుకున్నవారు అది చైల్డ్ అల్లిన కథ అనుకున్నారు. 1972లో జాన్ బ్లాసింగేమ్ అనే ప్రసిద్ధ చరిత్రకారుడు కూడా ఆ పుస్తకం నమ్మదగ్గది కాదని రాశారు. కథ మరీ పద్ధతిగా, నాటకీయంగా ఉందట. ఆడది అటక మీద ఏడేళ్లు ఉండడం నాటకీయంగా కాక ఎలా ఉంటుందో ఆయనే చెప్పి ఉండాల్సింది.

జీన్ ఫేగన్ యెల్లిన్ అనే పరిశోధకురాలు రాచెస్టర్ విశ్వవిద్యాలయంలోని పోస్ట్ కుటుంబం కాగితాల్లో జేకబ్స్ సొంత దస్తూరీ ఉత్తరాలు పట్టుకున్నారు. పుస్తకం రాస్తూ పడిన తిప్పలన్నీ వాటిలో ఉన్నాయి. మారుపేర్ల వెనుక ఉన్న మనుషులను ఈడెంటన్ రికార్డుల్లో ఒక్కొక్కరినీ గుర్తించి, 1987లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా జేకబ్స్ పేరుతోనే వెలువరించారు. ఇది కల్పన కాదని ముందుమాట మొదటి వాక్యంలోనే జేకబ్స్ ప్రమాణం చేసింది. అది రుజువు కావడానికి నూటపాతికేళ్లు పట్టింది.

చైల్డ్ చెయ్యి అసలు పడలేదనను. క్రూరకృత్యాలన్నీ ఒక ప్రకరణంలోకి చేర్పించారు. బానిసత్వం మీద ఆయుధం పట్టిన జాన్ బ్రౌన్ తిరుగుబాటు గురించి జేకబ్స్ రాసిన చివరి ప్రకరణం తీసేయించి, అమ్మమ్మ తలపులతో ముగించమని సలహా ఇచ్చారు. అమ్మమ్మతో ముగింపు చాలా అందంగా ఉంటుంది. అయినా నాకు ఆ పోయిన ప్రకరణమే చదవాలని ఉంటుంది. ప్రాజెక్టుకు అంశం కావాలంటే ఇదే తీసుకోండి.

ప్రశ్న: చివరికి ఆమెకు సొంత ఇల్లు ఏర్పడిందా? పుస్తకం తర్వాత ఇంకేమీ రాయలేదా?
– ఒక గృహిణి, కర్నూలు

జవాబు: నా కథ అందరి కథల్లా పెళ్లితో ముగియదు, స్వేచ్ఛతో ముగుస్తుంది అని పుస్తకం చివర రాసి, వెంటనే సొంత గూడు అన్న కోరిక ఇంకా తీరలేదని కూడా రాసింది. ఆ స్వేచ్ఛ కూడా ఆమె కోరిన దారిలో రాలేదు. పారిపోయి వచ్చినా చట్టం లెక్కలో ఆమె ఇంకా బానిసే కనుక, 1852లో కార్నీలియా విల్లిస్ 300 డాలర్లు కట్టి ఆమెను విడిపించింది. జేకబ్స్ కృతజ్ఞత చెప్పింది. కానీ తనది కాని దానికి డబ్బు పుచ్చుకున్నవారి మీద కసి దాచుకోలేదు. న్యూయార్క్ నగరంలో మనిషిని అమ్మిన రసీదు రికార్డులో ఉంది, రేపటి తరాలు దాన్ని చూసి తెలుసుకుంటాయి అని పుస్తకంలో రాసింది. తర్వాత మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్‌లో కొన్నాళ్లు విద్యార్థులకు, అధ్యాపకులకు బస, భోజనం ఇచ్చే ఇల్లు నడిపింది. 1897లో వాషింగ్టన్‌లో కన్నుమూసింది.

రాయడం ఆపలేదు. అంతర్యుద్ధం వచ్చాక వాషింగ్టన్, దాని పక్కనే ఉన్న అలెగ్జాండ్రియా శిబిరాల్లో, బానిసత్వం నుంచి బయటపడి వచ్చిన జనం మధ్య సేవ చేస్తూ, అక్కడి జబ్బులు, చలి, చావుల గురించి పత్రికలకు రాసింది. 1862లో బానిసత్వ వ్యతిరేక పత్రిక ‘లిబరేటర్’లో వచ్చిన నివేదికకు లిండా అనే సంతకం చేసింది, పుస్తకం చదివినవారికి ఆ పేరే గుర్తు కనుక. 1864లో అలెగ్జాండ్రియాలో ఆమె పేరుతోనే ఒక బడి మొదలైంది. దాన్ని తెల్లవారు నడపాలా, నల్లవారు నడపాలా అన్న తగవు వస్తే, ఆ ఊరి నల్లవారి వైపే నిలబడింది. కూతురు లూయీసా ఆ బడిలో పంతులమ్మగా చేరింది.